పోదగిన దేశము, పోరాని దేశము: ఫాక్‌లాండ్ రోడ్డు తెలుగువారి వలస చరిత్ర

మానవుడు తన పుట్టినయూరు విడిచి ఏ దేశమునకు పోవ నిచ్చగించును, ఏ దేశమునకు పోవ వెనుదీయును అను ప్రశ్న ధనవంతులైన యాత్రికులకు వినోదము గూర్చునట్టిది. కూలికై కదలిన జనమున కిది బ్రతుకుతెరువును గూర్చిన ప్రశ్న. ఆంధ్రుల వలసలను గూర్చి వ్రాయబడిన గ్రంథములలో ఎవరు, ఎప్పుడు, ఎందరు వెళ్ళిరి అను విషయము తరచుగా కానవచ్చును. కాని ఒకే భాష మాటలాడు జనములో ఒక భాగము సముద్రము దాటి రంగూనునకును, మారిషసునకును, నెటాలునకును పోగా, మఱియొక భాగము కొండలు దాటి బొంబాయికే ఏల పోయెను? ఒక తరమువారికి పోదగినదైన దేశము తరువాతి తరమునకు పోరానిదేల యయ్యెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు బొంబాయి నగరమందలి ఫాక్‌లాండ్ రోడ్డును, దాని నానుకొనియున్న కామాటిపురమును తగిన స్థానములు. రెండు శతాబ్దములకు మించి తెలుగువారు నివసించిన ఆ గల్లీలు ఒక వలసకు గమ్యముగాను, మఱియొక వలసకు ద్వారముగాను ఉండినవి.

శాస్త్రము, జీవనము

దేశములను పోదగినవి, పోరానివి అని విభజించుట నేటి మాట కాదు. బౌధాయన ధర్మసూత్రము ఆరట్టము, పుండ్రము, సౌవీరము, వంగము, కళింగము మున్నగు దేశములకు పోయి వచ్చినవారు శుద్ధికై యజ్ఞము చేయవలెనని విధించినది. ఈ పట్టికలో కళింగము చేరియుండుట తెలుగువారు ప్రత్యేకముగా గమనింపదగినది. నేటి శ్రీకాకుళము మున్నగు ఉత్తరాంధ్ర ప్రాంతములు ప్రాచీన కళింగములోనివే. అనగా తరువాతి కాలమున సముద్రయానమునకు ప్రసిద్ధికెక్కిన తెలుగునేలయే ఒకప్పుడు ఇతరులు పోరాని దేశముగా గణింపబడినది. అదే గ్రంథము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. ఔత్తరాహుల ఆచారములను పేర్కొనుచు వానిలో సముద్రయానమును చూపినది. నిషేధము చేయబడిన దనగా ఆ పని జరుగుచుండె ననియే అర్థము.

ఈ విధినిషేధములు పండితకుటుంబములను కొంతవరకు బంధించినవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశికి పోయి, 1831లో తిరిగి వచ్చెను. ఆయన కాశీయాత్ర చరిత్రయందు ఒక్కొక్క మజిలీలో నీరు, నీడ, దినుసులు దొరకునా లేదా యను విషయము శ్రద్ధతో వ్రాసియుంచెను. పుణ్యమునకై పోవు యాత్రికునికైనను దేశము మంచిదా కాదా యనుటకు నీరు, అన్నము, భయములేని దారి ప్రమాణములైనవి. అట్లయినచో కూలివానికి వేఱు ప్రమాణ మెట్లుండును? మాల, మాదిగ, కాపు, పద్మశాలి, గౌడ కుటుంబములకు ప్రాయశ్చిత్తములకన్న పన్ను, అప్పు, కరవు దగ్గరి విషయములు. ఆ కుటుంబములు దేశములను తూచిన త్రాసు వేఱు.

కామాటిపుర స్థలచరిత్ర

తెలుగున కామాటి యనగా మట్టిపని చేయు కూలి. కమతము అను మాటతో దీనికి సంబంధము కలదని కొందరందురు. బొంబాయిలో ఈ పదము నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు పనివారి కందరికిని ఉమ్మడి పేరయ్యెను. అచ్చటివారికి కామాటి యనగా ఒక కులము. తెలుగువారిలోననో అది అనేక కులములవారు కలిసి చేసిన పనికి పేరు.

బొంబాయి మొదట ఏడు దీవుల సముదాయము. ఆటుపోటులకు దీవుల నడుమ పల్లపు భూములు మునుగుచుండెడివి. విలియం హారన్‌బీ గవర్నరుగా నున్న కాలమున, అనగా 1771 నుండి 1784 వఱకు గల కాలమున, మహాలక్ష్మి కడ కట్టిన అడ్డుగట్టు వలన ఆ పల్లములు క్రమముగా ఎండి నివాసయోగ్యము లయ్యెను. 1793లో బెల్లాసిస్ రోడ్డు వేయబడినది. దానికి దక్షిణమున పూడ్చబడిన పల్లపునేలపై పదునెనిమిదవ శతాబ్ది చివరి సంవత్సరములనుండి కామాటీలు గుడిసెలు వేసికొనిరి. ఊరి పేరు కామాటిపురమైనది. నేల పూడ్చినవారే ఆ నేలపై కాపురముండిరని చెప్పుట అతిశయోక్తి కాదు. అంకెలతో పిలువబడు గల్లీలు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా ఏర్పడినవి. ఈ పేటను ఆనుకొని పోవు వీథికి 1848 నుండి 1853 వఱకు బొంబాయి గవర్నరుగా నుండిన లార్డు ఫాక్‌లాండు పేరు పెట్టబడినది. స్వాతంత్ర్యానంతరము మరాఠీ తమాషా కవియైన పఠ్ఠే బాపూరావు పేర దాని నామము మార్చబడినను, జనము నోట పాత పేరే నిలిచినది.

ఫాక్‌లాండు పదవీకాలమునందే 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు మొదటి రైలు నడచినది. తరువాతి పదేండ్లలో నూలుమిల్లులు లేచినవి. 1861 నుండి 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము వలన భారతదేశపు ప్రత్తికి గిరాకి పెరిగి, బొంబాయికి అపారధనము వచ్చి చేరెను. కోటగోడలు పడగొట్టబడినవి, సముద్రము పూడ్చబడినది, విశాలములైన భవనములు కట్టబడినవి. రాళ్ళు మోయుటకు, సున్నము కలుపుటకు, మట్టి త్రవ్వుటకు మనుష్యులు కావలసి వచ్చిరి. కామాటీలలో కొందరు ముకద్దములై, మఱికొందరు గుత్తేదారులై ధనము గడించిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు మున్నగు తెలుగు గుత్తేదారులు 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. మట్టిపనికై వచ్చినవారు పరభాషా ప్రాంతమునందలి ఒక సంఘసంస్కరణోద్యమమునకు ఆర్థికాశ్రయ మగుట సామాన్యవిషయము కాదు.

తూర్పు రేవులు

ఇదే కాలమున తూర్పుతీరపు తెలుగువారు వేఱు దిక్కునకు చూచుచుండిరి. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరు బర్మాలోను మారిషసులోను తెలుగువారికే పేరైనది. 1834 నుండి మారిషసు చెఱకుతోటలకు ఒప్పందపు కూలీలను గొనిపోవుట ప్రారంభమయ్యెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి కూలీలతో నెటాలులోని దర్బాను రేవు చేరెను. ఫిజీకి 1879లోనే కలకత్తానుండి కూలీలు పోయినను, చెన్నపట్టణమునుండి పోవుట 1903లో ఆరంభమైనది. మలయా రబ్బరుతోటలకు కంగాణీలు, బర్మా ధాన్యపుమిల్లులకును రేవులకును మేస్త్రీలు జనమును కూర్చిరి.

ఈ దేశము లన్నియు ఒకే రీతిగా ఇష్టపడబడినవి కావు. మారిషసు, నెటాలు, ఫిజీలకు పోవలెనన్న అయిదేండ్ల ఒప్పందమునకు వ్రేలిముద్ర వేయవలెను. ఆ కాలమున యజమానుని విడిచి పోవుట నేరము. తిరిగి వచ్చుటకు కాలము, ఓడ, ధనము మూడును కూడిరావలెను. అందుచేత అచ్చటికి పోయినవారిలో పలువురు మరలి రాలేదు. రంగూను సంగతి వేఱు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి పొగయోడ ఎక్కినచో కొలది దినములలో రంగూను చేరవచ్చును. పోవువారు స్వేచ్ఛగా పోవచ్చును, కోతలు ముగిసిన పిదప పోయి మరల రావచ్చును. మేస్త్రీ ముందుగా ఇచ్చిన అప్పు మెడకు చుట్టుకొనుట నిజమే. కాని ఆ మేస్త్రీయు స్వగ్రామమువాడో పొరుగూరివాడో యగుటచే పిలుపునకు పలుకుబడి కలిగెను. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనములో సగమునకు మించి భారతీయులే. బర్మాలోని తెలుగువారు లక్షకు మించియే యుండిరి. వారిలో అత్యధికులు స్త్రీలను ఇంటనుంచి పోయిన పురుషులు. ఈ యొక్క విషయమే రంగూను ఎట్టి దేశమో చెప్పుచున్నది. అది సంపాదనకు మంచిది, కాపురమునకు కాదు.

పడమటి బాట

తెలంగాణమునకు సముద్రము లేదు. చెన్నపట్టణపు కూలి డిపోలు దూరము. జాగీర్దారుల, దేశముఖుల పాలనలో వెట్టిచాకిరి, శిస్తు, అప్పు కూలివానిని నేలకు కట్టివేసినవి. 1876 నుండి 1878 వఱకు దక్కనునందు వచ్చిన మహాక్షామము పలు కుటుంబములను కదల్చివేసినది. పాలమూరు, నల్లగొండ, కరీంనగరము, ఇందూరు జిల్లాలనుండి బయలుదేరినవారికి పడమటి దిక్కే తెరచియున్న దిక్కు. మొదటి తరములవారు షోలాపురము, పుణె మీదుగా కాలినడకన పోయిరి. 1871లో రైలు బొంబాయినుండి రాయచూరు చేరెను. 1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు నిజాము రైలుమార్గము వేయబడినది. 1900 ప్రాంతమున మన్మాడు వఱకు మఱియొక మార్గమేర్పడి, ఇందూరు ప్రాంతమువారికి బొంబాయి మఱింత చేరువయ్యెను. దారిలో షోలాపురము, భివండి వంటి నేతకేంద్రములుండుటచే, పద్మశాలి కుటుంబమునకు బొంబాయి ప్రయాణము నడుమ నడుమ మగ్గపు చప్పుడు వినవచ్చు దారియే.

బొంబాయికి పోవుటకు ఒప్పందము లేదు, వ్రేలిముద్ర లేదు, దాటవలసిన సముద్రము లేదు. టిక్కెట్టు కొనినవాడు పోవును. పంటకాలమునకో, పెండ్లికో, చావునకో మరల వచ్చును. మిల్లులో పని ఇప్పించువాడు జాబరు. వానికి లంచమో నమస్కారమో ఈయవలసియున్నను, వాడును ఎవరికో మేనమామయో వియ్యంకుడో యగును. పేటలోని ఒక చాలులో ఒక ఊరివారు, మఱియొక చాలులో వేఱొక ఊరివారు చేరిరి. ఒక్కొక్క గదిలో పదిమంది పురుషులు వంతులవారీగా నిద్రించి, పగటిపాళి వారు లేచిన చాపపై రాత్రిపాళి వారు పరుండుట మిల్లుపేటలలో సాధారణము. ఖానావళిలో నెలకు డబ్బు కట్టి భుజించిరి, మనియార్డరు వ్రాయించుకొనిరి. కాలక్రమమున స్త్రీలును వచ్చిరి. అందుచేత బతుకమ్మయు, బోనమును, మార్కండేయుని పూజయు ఆ గల్లీలకు వచ్చినవి. కాపురము పెట్టుటకు వీలైన దేశమును, కేవలము కూలికి పోవు దేశమును వేఱుచేయు గుర్తు పండుగయే.

బొంబాయికి వచ్చిన తెలుగువారందరు కామాటీలే కారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనమును, 1908లో ఆంధ్రపత్రికను బొంబాయిలోనే ప్రారంభించెను. ఆ వారపత్రికయే 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. కోస్తా విద్యావంతునకు బొంబాయి వర్తకమునకును వార్తలకును కేంద్రము; తెలంగాణపు కూలివానికి అది దొరచేతినుండి విడుదల. ఒకే నగరమును రెండు ప్రాంతములవారు రెండు కారణములచే కోరిరి.

బొంబాయి భయములు

ఐనను బొంబాయి ఎల్లకాలము పోదగిన దేశముగానే యుండలేదు. 1896లో మాండ్వీలో మహామారి బయలుపడినది. కొలది నెలలలో నగరజనములో ఇంచుమించు సగము పారిపోయినట్లు నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. 1891లో 8,21,764గా నున్న జనసంఖ్య 1901లో 7,76,006కు తగ్గినది. ఇంటింట సోదాలు, ఆస్పత్రికి బలవంతపు తరలింపులు, రైలుస్టేషనులలో పరీక్షలు జనమును రోగముకన్న ఎక్కువగా భయపెట్టినవి. అప్పుడు నగరము విడువగలవారు విడిచిరి. కాని మహామారి పిదప 1898లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పాత ఇండ్లు కూల్చి, కొత్త వీథులు వేయ నారంభింపగా, ఆ పనికి మరల కూలీలు కావలసి వచ్చిరి. భయము పనిని ఆపలేకపోయెను.

మఱియొక భయము అపకీర్తికి సంబంధించినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున సైనికుల, నావికుల ఆరోగ్యము మిషతో ప్రభుత్వము వేశ్యావృత్తిని శాసనములచే క్రమబద్ధము చేసినది. నగరపు ఇతర భాగములనుండి తొలగింపబడిన ఆ వృత్తి ఫాక్‌లాండు రోడ్డు, కామాటిపురము పరిసరములలో నిలద్రొక్కుకొనునట్లు పోలీసువారు చూచిరి. తూర్పు ఐరోపానుండి సయితము దళారులచే స్త్రీలు తేబడిరి. కొన్ని ఇండ్ల కిటికీలకు కట్టిన కటకటాలను చూచి పాశ్చాత్యయాత్రికులు వ్రాసిన వ్రాతలు ఆ వీథికి లోకమందంతటను చెడుపేరు తెచ్చినవి. నగరము చూడవచ్చినవారిలో కొందరు దానిని కుతూహలముతో చూచిరి. గౌరవస్థులు అటు పోరాదనిరి. ఆ యాత్రికుల వ్రాతలలో కామాటీల ప్రసక్తియే లేదు. ఏ జాతి పేర ఆ పేట వెలసినదో ఆ జాతి కుటుంబములు అదే పేటలో బిడ్డలను పెంచుచు, బడికి పంపుచు, పండుగలు చేయుచుండిరి. పెండ్లిసంబంధము వచ్చినపుడు నివాసము చెప్పుటకు సందేహించు పరిస్థితి ఆ కుటుంబములకు కలిగినది. ఆ కటకటాల వెనుకనున్న స్త్రీలును తమ ఇష్టముచే వచ్చినవారు కారు. పేదరికముచేతను మోసముచేతను అనేక ప్రాంతములనుండి తేబడినవారు. ఒక ప్రదేశము పోదగినదా కాదా యను తీర్పు చూడవచ్చినవాడు ఇచ్చుచున్నాడు. దాని ఫలమును కాపురమున్నవారు అనుభవించుచున్నారు.

మూతపడిన ద్వారములు

ఇరువదవ శతాబ్దిలో సముద్రము కావలి దేశములు ఒకటొకటిగా పోరానివైనవి. నెటాలులో ఒప్పందము తీరిన కూలీలపై 1895 శాసనము మూడు పౌనుల తలపన్ను విధించినది. ఉండవలెనన్న పన్ను కట్టవలెను, లేదా మరల ఒప్పందమునకు లోబడవలెను, లేదా స్వదేశమునకు పోవలెను. 1911లో భారతప్రభుత్వము నెటాలునకు కూలీలను పంపుట నిలిపివేసినది. 1913 సమ్మె పిదప 1914లో ఆ పన్ను రద్దయ్యెను. 1917లో ఒప్పందపు వలస ఎల్లదేశములకును ఆగినది; 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలో మిగిలిన ఒప్పందములును రద్దయినవి.

దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. కాని 1946లో భారతప్రభుత్వము జాతివివక్షకు నిరసనగా ఆ దేశముతో వాణిజ్యమును తెంచుకొనెను. తరువాత చాలకాలము భారతీయ పాస్‌పోర్టు ఆ దేశమునకు చెల్లదని దానిపైననే ముద్రింపబడుచుండెను. ఈ నిషేధము న్యాయమైనదే. జాతివివక్షను ఒప్పుకొనని దేశము చేయవలసిన పనియే. ఐనను దాని ఫలముగా నెటాలు తెలుగువారికిని తాతల ఊళ్ళకును నడుమ రెండు తరముల ఎడమేర్పడినది. 1994 ప్రాంతమున వివక్షాపాలన అంతరించిన తరువాతనే ఆ దారి మరల తెరువబడినది.

రంగూను కథ మఱింత విషాదకరము. 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువారు కూలి పెంపునకై సమ్మె చేసిరి. ఓడల యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె ముగియగనే వారిని తొలగించిరి. దానివలన పుట్టిన కలహము రంగూను వీథులలో తెలుగు కూలీల హత్యలకు దారితీసినది. 1937లో బర్మా భారతదేశమునుండి విడివడెను. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, 1942లో లక్షలకొలది భారతీయులు అరకాను, మణిపురము అడవులదారిని నడచి వచ్చిరి, దారిలో రాలిపోయినవారెందరో. 1962లో సైనికపాలన వచ్చిన పిదప అంగళ్ళు జాతీయము చేయబడినవి; 1964 మేలో పెద్ద విలువ నోట్లు రద్దు చేయబడినవి. చేతిలో మిగిలిన సంపాదన చిత్తుకాగితమైనది. లక్షకు మించిన జనము ఓడలెక్కి తిరిగి వచ్చెను. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు అను పేట ఆ తిరుగు వలసకు గుర్తుగా నిలిచియున్నది. ఒకప్పుడు అత్యంత సులభముగా పోయిరాదగిన దేశము రంగూనే. కొలదికాలములో అత్యంత కఠినముగా వెడలగొట్టినదియు అదియే.

ఇట్లు తూర్పుదారి మూతపడుచున్న కాలమున పడమటి బాట తెరచియేయుండెను. 1960లో బొంబాయి మహారాష్ట్ర రాజధాని యయ్యెను. భాషారాష్ట్రములు ఏర్పడినను తెలుగువాని కచ్చట నివసింప పాస్‌పోర్టు అక్కరలేదు, పన్ను లేదు. కామాటిపుర చరిత్ర దీర్ఘముగా సాగుటకు ముఖ్యహేతు విదియే.

గల్ఫు దారి

1973లో ముడినూనె ధర పెరిగిన పిదప గల్ఫు రాజ్యములలో కట్టడములు ప్రబలినవి. కూలీలకై వచ్చిన కంపెనీల ఏజెంట్లు బొంబాయిలో కార్యాలయములు పెట్టిరి. ఇంటర్వ్యూలు, వైద్యపరీక్షలు, వీసా ముద్రలు, విమానము అన్నియు అచ్చటనే. కరీంనగరమునుండియు నిజామాబాదునుండియు బస్సెక్కి వచ్చిన యువకునికి లాడ్జిలో దిగుటకు ధనము లేదు. తాతలనాటినుండి తెలుగువారున్న చాళ్ళలో మేనమామ గదియో, ఊరివారి గదియో ఉన్నది. ఇట్లు మట్టిపనివారి పేట విమానమెక్కువారికి మజిలీ యయ్యెను. 1982 జనవరి 18వ తేదీన ఆరంభమైన మిల్లుసమ్మెలో ఇంచుమించు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. పెక్కు మిల్లులు మరల పూర్వస్థితికి రాలేదు. మిల్లుపని పోయినవారిలో కొందరు భివండి మరమగ్గములకు పోయిరి. కొందరు తమ కుమారులను గల్ఫునకు పంపిరి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అను మూడు మాటలను కలిపి చెప్పుట తెలంగాణమున వాడుకైనది. సింగరేణి గనులు, బొంబాయి మిల్లులు, అరబ్బు ఎడారి ఈ మూడింటిని ఒకే వరుసలో నిలిపిన ఆ వాడుక, కూలివాని భూగోళపటము ఎట్టిదో చూపుచున్నది.

1922 నాటి వలసచట్టమునకు బదులుగా 1983లో క్రొత్త చట్టము వచ్చినది. పదవతరగతి దాటనివారు గల్ఫు దేశములు, మలేషియా, యెమెను, లిబియా మున్నగు దేశములకు పనికి పోవలెనన్న వలస సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆ తరగతికి చెందిన స్త్రీలు ముప్పది యేండ్లు నిండక పోరాదను నియమమును కలదు. దేశముల పట్టిక మరల వచ్చినదని ఇచ్చట గుర్తింపవలెను. బౌధాయనుని పట్టిక పోయినవానిని దోషిగా ఎంచి ప్రాయశ్చిత్తము విధించినది. ఈ పట్టిక పోవువానిని రక్షింపదలచి అనుమతి విధించినది. ఉద్దేశములు వేఱైనను, రెండింటిని తప్పించుకొను దారులు మాత్రము జనము కనుగొనిరి. సందర్శకుల వీసాపై పోయి పనిలో చేరినవారు చట్టపు నీడనుండి తొలగిపోయిరి. యజమాని పూచీపై నివాసము ఆధారపడియుండు కఫాలా పద్ధతిలో పాస్‌పోర్టు యజమానుని చేతిలో చిక్కినచో, పాత నెటాలు ఒప్పందమునకును దీనికిని భేదమల్పము.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమింపగా, అచ్చటి భారతీయులు ఎడారి దాటి అమ్మాను చేరిరి. ఎయిర్ ఇండియా విమానములు ఇంచుమించు రెండు నెలలలో లక్షకు మించిన జనమును స్వదేశమునకు చేర్చినవి. వారిలో అనేకులు మొదట దిగినది బొంబాయిలోనే. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటునకు పోయిన తెలుగువారును ఆ సంక్షోభమున చిక్కుకొనిరి. 1942లో రంగూనునుండి నడచివచ్చినవారికి లేని సాయము 1990లో లభించుటకు కారణము, వెనుక స్వతంత్రప్రభుత్వ ముండుటయే. ఐనను యుద్ధము ముగిసిన కొలదికాలమునకే కువైటు మరల పోదగిన దేశమయ్యెను. ఊరిలోని అప్పునకు యుద్ధము తెలియదు.

ఉపసంహారము

పై చరిత్రనుండి కొన్ని నిర్ణయములు తేలుచున్నవి. కూలివాడు దేశమును దాని సంపదనుబట్టి కోరలేదు. సంపదయే ప్రమాణమైనచో, నెటాలు బొంబాయికన్న ముందుండెడిది. అతడు చూచినవి నాలుగు: అచ్చట తనవా డొకడు ముందుగా ఉన్నాడా? కూలిడబ్బు చేతికి వచ్చునా? ఇష్టమైనపుడు తిరిగి రావచ్చునా? ఆపద వచ్చినపుడు అడుగువారు కలరా? బొంబాయికి మొదటి మూడును కలవు. నాలుగవది సగము కలదు. రంగూనునకు మొదటి మూడును ఉండి, నాలుగవది లేకపోయెను. అది లేకపోవుటచేతనే అచ్చటి బ్రతుకు కూలిపోయెను. గల్ఫునకు మొదటి రెండును కలవు. మూడవది యజమానుని దయపై నున్నది. నాలుగవది ప్రభుత్వ జాగరూకతపై నున్నది. అందుచేత వలసను నిషేధించుటకన్న, తిరిగివచ్చు దారిని కాపాడుట ముఖ్యము. నిషేధించిన దేశమునకు దొంగదారి పుట్టును. తిరుగుదారి యున్న దేశమే కూలివానికి పోదగిన దేశము.

ఇక కామాటిపురము విషయము. మారిషసు తెలుగువారు 1947లోను, దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లోను తమ సభలు స్థాపించుకొని వలసచరిత్రను గౌరవముతో చెప్పుకొనుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషసునందే జరిగినవి. సముద్రము దాటినవారి చరిత్రకు లభించిన ఈ గౌరవము, కొండలు దాటినవారి చరిత్రకు అంతగా లభింపలేదు. అందులకు దూరముకన్న అపకీర్తియే ఎక్కువ కారణము. ఫాక్‌లాండు రోడ్డు పేరు వినినంతనే ముఖము త్రిప్పుకొనువారు, ఆ పేట పేరులోనే తెలుగు పనివాడు నిలిచియున్నాడను సంగతి మఱచుచున్నారు. ఇప్పుడు ఆ ప్రాంతపు పాతచాళ్ళను కూల్చి బహుళాంతస్తుల భవనములు కట్టు ప్రణాళికలు సాగుచున్నవి. ఇండ్లు శిథిలము లగుటచే అందలివారికి మంచి ఇండ్లు కావలసినదే. కాని చాళ్ళతోపాటు మిల్లుగుర్తింపు చీటీలు, మనియార్డరు రసీదులు, భజనమండళ్ళ లెక్కపుస్తకములు, గల్ఫునుండి వచ్చిన ఉత్తరములు, వృద్ధుల జ్ఞాపకములు చెదరిపోవును. శాసనములును తాళపత్రములును ఎట్లు సేకరింపబడినవో, అట్లే వీనిని సేకరించుట తెలుగు సంఘముల కర్తవ్యము. ఏ గల్లీలో ఏ ఊరివారుండిరో పటము వ్రాయించినను చాలును; పాలమూరునుండి ఫాక్‌లాండు రోడ్డునకును, అచ్చటినుండి దుబాయికిని సాగిన దారి స్పష్టముగా కానవచ్చును. ఆ దారిని నడచినవారి సంతతి ఇంకను ఆ చాళ్ళలో నివసించుచుండగనే ఈ పని జరుగవలసియున్నది.